శబ్దం లేకుండా చూసిన ఎపిసోడు

‘పెద్ద డాక్టరు జుట్టు ఈ వారం కూడా చెదరలేదు’ అని మొదటి వాక్యం కొట్టి ఆగిపోయాను, ఆ తర్వాత ఏం రాయాలో తోచక, వేలు ఫోను మీద అలాగే నిలిపి తలెత్తితే ఎదురుగా ఆపరేషన్ థియేటర్ తలుపు, తలుపు మీద వెలుగుతున్న ఎర్ర బల్బు, బల్బు పక్కన గోడ గడియారం, పదకొండూ మూడు నిమిషాలు. పన్నెండుకల్లా టీవీలో వచ్చే ఆస్పత్రి సీరియల్ మీద సమీక్ష పత్రికకి చేరాలి. పదకొండేళ్ళుగా ప్రతి గురువారం పన్నెండుకల్లా చేరుతూనే ఉంది, జ్వరమొచ్చినా, కరెంటు పోయినా, ఒకసారి ఇంటి పైకప్పు కారి కాగితాలన్నీ తడిసి ముద్దయినా కూడా. ఇవాళ మాత్రం ఆ తలుపు అవతల బల్ల మీద మా ఆవిడ ఉంది. మెడలో థైరాయిడ్ గడ్డ, పదేళ్ళుగా మెల్లగా పెరుగుతూ వచ్చింది, దాన్ని తీసేస్తున్నారు. తొమ్మిదిన్నరకి తీసుకెళ్ళారు, రెండు గంటల పని అన్నారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. ప్రమాదమల్లా గొంతుకే. గడ్డని అంటిపెట్టుకుని ఒక నరం ఉంటుందట, దారమంత, మనచేత మాట పలికించేది అదేనట, అది తెగినా, తెగకుండా బాగా సాగినా మాట పోవచ్చు, ఉత్త గాలి మిగలొచ్చు, గడ్డ పెద్దది గనక మామూలుకంటే కాస్త ఎక్కువే అనుమానం అని సర్జన్ చెప్పాడు.  ఆవిడే అడిగింది, నరం వెనక ఉందా పక్కన ఉందా, స్కానింగులో ఏం కనిపిస్తోంది, రెండోవైపు నరం సంగతేమిటి అని. ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసి రిటైరయింది, అందులో చివరి పన్నెండేళ్ళు వార్డు సిస్టరు. సర్జన్ కుర్చీలో సర్దుకుని కూర్చుని ఒక్కొక్కదానికీ జాగ్రత్తగా జవాబు చెప్పాడు.

జుట్టు వాక్యం నాది. ఈ శీర్షికలో నా సొంతం ఏదైనా ఉందంటే ఇలాంటివే, జుట్టు గురించి, వెనకాల మోగే వాయింపు గురించి, నెల రోజులుగా కోమాలో ఉన్న మనిషి కళ్ళకి చెదరని కాటుక గురించి. ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి, తప్పు పట్టడం చేతనవును, కానీ అచ్చుతప్పులు వేరు, ఆస్పత్రి తప్పులు వేరు. అవన్నీ ఆవిడ పట్టినవి. వీధిలో అందరూ ఆవిణ్ణి సిస్టరమ్మ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను, కోపమొచ్చినప్పుడు తప్ప. బుధవారం ఏడింటికి సీరియల్. మొదటిసారి అందరిలాగే చూస్తాం, కథ కోసం. అది అయ్యాక టీ తాగి, రికార్డు చేసినదాన్ని మళ్ళీ మొదట్నించీ పెట్టుకుంటాం, అప్పుడు రిమోటు ఆవిడ చేతిలోకి వెళ్తుంది, శబ్దం పూర్తిగా తీసేస్తుంది. మాటలు వింటుంటే వాళ్ళు చెవిలో పువ్వు పెడతారు, చేతులు చూడండి, అంటుంది. తెర మూగబోతుంది, ఆవిడ మొదలవుతుంది. ఆ సెలైన్ సీసా మూడు వారాలుగా ఒక్క గీత కూడా తగ్గలేదు చూసుకోండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే తలుపు తీశాడు, ఇంక ఆ గ్లవ్స్ దేనికి, అలంకారానికా. గుండె మీద నొక్కుతున్నాడా, పిండి కలుపుతున్నాడా. ఎక్స్‌రే తిరగేసి పెట్టారు, పాపం ఆ పిల్లాడి గుండె కుడివైపుకి పోయింది. నేను కింద చాప మీద కూర్చుని అట్ట మీద కాగితం పెట్టుకుని గబగబా రాసుకుంటాను. ఒకసారి ఆ సీరియల్ తీసేవాళ్ళు పత్రికకి ఉత్తరం రాశారు, మీ సమీక్షకుడు ఏ ఆస్పత్రిలో డాక్టరో తెలుసుకోవచ్చునా అని. ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేసింది, పేరు వేయిస్తానంటే వద్దంది, నాకెందుకండీ రేపు డ్యూటీలో అందరూ ఆట పట్టిస్తారు అంది. ఆ తర్వాత నెలలో ఒక ఎపిసోడులో ఎక్స్‌రే సరిగ్గా పెట్టారు. గుండె ఇంటికొచ్చేసిందండీ, అని ఆవిడ మురిసిపోయిన మురిపెం, తనకి సిస్టరుగా ప్రమోషన్ వచ్చిన రోజున కూడా నేను చూడలేదు.

ఆఖర్న మార్కులు. పదికి ఎన్ని అనేది ఆవిడే చెబుతుంది, నేను బేరమాడతాను, ఆవిడ తగ్గదు. పదకొండేళ్ళలో ఎనిమిది దాటి వేసింది ఒక్కసారి, అది కూడా డాక్టర్లకి కాదు, పక్కగుడ్డ మార్చే ఒక ఆయాకి, రోగిని ఒక పక్కకి వొత్తిగిల్ల జేసి సగం గుడ్డ తీసి సగం పరిచిన పద్ధతి చూసి, ఈ అమ్మాయి నిజంగా ఎక్కడో చేసొచ్చింది, తొమ్మిదీ అంది.

నిన్న బుధవారం. నిన్న సాయంత్రం ఏడింటికి ఆవిడ ఇక్కడ, మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉంది, వార్డులో టీవీకి గుడ్డ కప్పి ఉంది, చెడిపోయి ఎన్నాళ్ళయిందో. రేపు పొద్దున మీరే చూసి రాసెయ్యండి, అంది. నేను సరేనన్నాను గానీ ఫోనుకి తగిలించి చెవుల్లో పెట్టుకునేవి ఇంటి దగ్గరే మర్చిపోయాను, సంచీ సర్దింది ఆవిడ రాసిచ్చిన జాబితా ప్రకారం, అందులో పధ్నాలుగు వస్తువులున్నాయి, అన్నీ ఆవిడవే, నావి నేను జ్ఞాపకం పెట్టుకోవాలన్నమాట. తొమ్మిదిన్నరకి తలుపు మూసుకున్నాక ఈ బెంచీ మీద కూర్చుని ఫోను తీశాను. గోడ మీద నిశ్శబ్దం పాటించండి అని బోర్డు. సరే, పోనీ, శబ్దం లేకుండానే చూద్దాం, పదకొండేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని చూసినవాణ్ణి, ఆ మాత్రం పట్టుకోలేనా అనుకున్నాను. ఇంతా చేసి నేను చూసింది ఎప్పుడూ తెరని కాదు, కాగితాన్ని. ఆవిడ చెప్తుంటే తల వంచుకుని రాసుకున్నాను. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత ఎలా వస్తుంది.

ఈ వారం కథ కొత్తది, అదీ నా ఖర్మ. ఒక ముసలావిడకి గుండె ఆపరేషన్. స్ట్రెచర్ లోపలికి పోతుంది, ముసలాయన వరండాలో మిగిలిపోతాడు. బెంచీ. తలుపు. ఎర్ర బల్బు. నేను ఒక కంటితో ఫోనులో బల్బునీ ఇంకో కంటితో గోడ మీది బల్బునీ చూస్తున్నాను, నవ్వొచ్చింది కూడా, వీళ్ళ బల్బుకంటే మన బల్బే కాస్త మసకగా ఉంది అని. ముసలాయన జేబులోంచి కమలాపండు తీసి వొలుస్తాడు. ఒక్కొక్క తొనా వొలిచి బెంచీ మీద వరసగా పెడతాడు, తినడు, లెక్కపెట్టడు, వరస వంకరగా ఉంటే సరిచేస్తాడు. మధ్యలో పెద్ద డాక్టరు ఎవరితోనో ప్రేమ సంగతులు తేల్చుకుంటాడు. మళ్ళీ వరండా, మళ్ళీ తొనలు. చివరికి పెద్ద డాక్టరు బయటికొచ్చి టోపీ తీస్తాడు, ముసలాయన ముందు నిలబడి రెండు ముక్కలేవో అంటాడు, రెండే. ముసలాయన మోకాళ్ళు వంగిపోతాయి. నేల మీద కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకుంటాడు, భుజాలు కదులుతుంటాయి, పెద్ద డాక్టరు వెనకే వచ్చిన కొత్త డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగిపోతుంది. అక్కడ నేను ఆపేశాను. ఇంకో మూడు నిమిషాలుంది, చూడలేకపోయాను. ఫోను తిరగేసి బెంచీ మీద పెట్టి, చేతులు తొడల మీద పెట్టుకుని, ఎదురుగా గోడకి వేసిన రంగు ఎక్కడ ఎక్కువ పడిందో ఎక్కడ తక్కువ పడిందో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

పోయిన ఏడాది ఇలాంటి వరండా ఏడుపుల మీదే ఒక పేరా రాశాను. వీళ్ళకి నిలబడి ఏడవడం తప్ప వేరే పనుండదా, ఎవరైనా పేపరు చదువుకోవచ్చుగా, కాస్త తలుపు మీంచి చూపు తిప్పుకోవచ్చుగా అని. చాలా బాగుందని ఉత్తరాలొచ్చాయి. సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు. అది తీసెయ్యండి, అంది. నేను తియ్యలేదు, వాక్యం బాగా కుదిరింది కదా అని. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, ఆ కాకిని నేనే. పక్కన పేపరుంది ఇప్పుడు, ఎవరో వదిలేసి వెళ్ళింది, మా పత్రికే, మడత కూడా విప్పలేదు. తలుపు మీంచి చూపు తిప్పుకోమన్న పెద్దమనిషి గంటన్నరగా తలుపే చూస్తున్నాడు.

తలుపు దగ్గర ఆవిడ ఆఖరున అన్న మాట గీజరు గురించి. బాత్రూంలో గీజర్ ఆపారా, అంది, చక్రాల మంచం లోపలికి సగం పోయాక, తల కాస్త ఎత్తి. ఆపాను అన్నాను. నిజానికి ఆపానో లేదో జ్ఞాపకం లేదు. తలుపు మూసుకుంది. అప్పట్నించీ అదే తొలుస్తోంది, ఆ గొంతులో నేను విన్న చివరి మాట గీజరయితే ఎలాగ అని. మనుషులు ఇంకేమైనా అనుకోవచ్చు కదా అలాంటప్పుడు. సీరియల్లో అయితే ఆ ముసలావిడ ముసలాయన చెయ్యి పట్టుకుని పెదాలు కదిపింది, పూర్తిగా ఒక నిమిషం, ఏమందో నాకు వినపడలేదు గానీ గీజరు గురించి మాత్రం అయ్యుండదు. మేం ముప్పై ఆరేళ్ళుగా ఇంతే, గీజరూ గ్యాసూ తాళంచెవులూ, వాటి మధ్యలోనే ఏమైనా ఉంటే సర్దుకోవాలి. ఆ గొంతంటే నాకు ప్రాణం అని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పుంటే ఆవిడ నుదురు తాకి చూసి జ్వరమేమైనా ఉందా అనేది.

ఆవిడ కంటే ముందు ఆవిడ గొంతే నాకు పరిచయం. నాన్న ఆస్పత్రిలో ఉన్నారు, నాకు ఇరవై ఆరేళ్ళు, మంచం పక్కన కూర్చుని ప్రూఫులు చూస్తున్నాను, పని ఆపితే ఆలోచన వస్తుందని ఆపకుండా చూస్తున్నాను. పక్క మంచానికీ మాకూ మధ్య ఆకుపచ్చ తెర. తెర వెనకనించి ఒక గొంతు, పెద్దది కాదు, కానీ వార్డు ఆ చివరిదాకా పోయేటట్టుంది, ఎవరండీ ఆ కాగితాల చప్పుడు, ఆయన్ని కాస్త పడుకోనివ్వండి, అంది. నేను కాగితాలు బిగబట్టుకుని కూర్చున్నాను, బడిలో పట్టుబడ్డవాడిలా. ఆ గొంతు తర్వాత పక్కమంచం ఆయన్ని అడిగింది నొప్పి ఎలా ఉంది తాతగారూ అని, అదే గొంతు, కానీ అందులో ఒక కిటికీ తీసినట్టయింది. అప్పుడు మనిషిని చూడాలనిపించింది. చూస్తే ఇంత పొట్టిగా, గడియారం జేబుకి పిన్నుతో గుచ్చుకుని, నన్ను చూసి నవ్వకుండా వెళ్ళిపోయింది. మూడో రోజు పొద్దున నేను టిఫిను డబ్బా కడుక్కుని వస్తుంటే ఎదురొచ్చింది. ఒక స్టూలు లాగి, కూర్చోండి, అంది. ఇంకో స్టూలు లాగి తనూ కూర్చుంది, మోకాళ్ళు దాదాపు ఆనేంత దగ్గరగా. అప్పుడు చెప్పింది నాన్న సంగతి. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు, ఒక్క మాట కూడా మిగల్చలేదు. పెళ్ళయ్యాక ఎప్పుడో అడిగాను, అలా స్టూలు ఎందుకు లాగావు అని. చెడ్డ కబురు నిలబెట్టి చెప్పకూడదండీ, మనిషి పడిపోతాడు, అంది. కూర్చోబెట్టి, మనమూ కూర్చుని చెప్పాలి, తొందరలేదు అన్నట్టు. మంచి కబురైతే నిలబడి చెప్పినా ఫరవాలేదు, సంతోషంతో పడినవాడికి దెబ్బ తగలదు.

పదకొండూ ఇరవై రెండు. రాయాలి. పత్రికలో నా పేజీ చూసే అమ్మాయి రెండుసార్లు మెసేజ్ పెట్టింది, సార్ వచ్చేస్తోందా అని, ఆ అమ్మాయికి నేను ఇక్కడున్న సంగతి తెలియదు, ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి తప్ప, అది సాయంత్రం రైలు దిగుతుంది. జుట్టు వాక్యం చెరిపేశాను. ఆ తర్వాత ఒక్క ఊపున కొట్టుకుంటూ పోయాను, చేతికి తెలియని తొందర, కమలాపండు తొనలు, టోపీ తీయడం, మోకాళ్ళు వంగడం, భార్య పోయిందన్న మాట విన్న ముసలాయన మొహం చూపించకుండా వీపు చూపించిన కెమెరా, ఇంత గొప్ప చావు ఈ సీరియల్లో ఇంతవరకూ లేదు, ఒక్క కన్నీటి వాయింపూ వినపడకుండానే ఏడిపించింది, అని రాశాను, వాయింపు నాకు వినపడకపోవడానికి కారణం వేరని తెలిసినా. మార్కుల దగ్గర చెయ్యి ఆగింది. తొమ్మిది అని వేశాను. పంపేశాను. పదకొండూ ముప్పై నాలుగు. ఏదో గెలిచినట్టనిపించింది, ఆవిడ బయటికొచ్చాక చూపిస్తే, ఫరవాలేదే రైటరు గారూ ఒక్కరే రాసేశారే, అంటుంది, అంటుంది అనుకున్నాను, ఆ మాట మీదే మనసు తట్టుకుని నిలబడిపోయింది. అనగలిగితే.

ఫోను వణికింది. పత్రికలోని ఆ అమ్మాయే. బెంచీ చివరికి జరిగి గొంతు తగ్గించి ఎత్తాను. మొదట కాసేపు అటూ ఇటూ మాట్లాడింది, పేజీ గురించి, బొమ్మ గురించి, ఏదో అనలేక నానుస్తోందని అర్థమైంది.

“సార్, ఒక్క చిన్న విషయం. ఆ ముసలావిడ చచ్చిపోలేదు కదా సార్.”

ఎవరు పోలేదు అన్నాను, నాకు నిజంగా అర్థం కాలేదు.

“ఎపిసోడులో ఆవిడ బాగానే ఉందండి. డాక్టరు వచ్చి ఆపరేషన్ బాగా జరిగింది, ఆవిడ మిమ్మల్నే అడుగుతోంది అంటాడు. ఆయన సంతోషంతో కూలబడిపోతాడు. చివర్లో ఇద్దరూ కమలాపండు తింటారు కూడా. మీరు వేరే ఎపిసోడు చూశారా సార్?”

ఆ అమ్మాయి మెల్లగానే చెప్పింది, కొత్తగా చేరినప్పుడు తను చేసిన తప్పులు నేను ఎంత మెల్లగా చెప్పానో అంత మెల్లగా.  బతికున్న మనిషిని చంపేశాను. నిలబడి చెప్పాడు కదా. పెద్ద డాక్టరు నిలబడే చెప్పాడు, ముసలాయన్ని కూర్చోబెట్టలేదు, తను కూర్చోలేదు, రెండే ముక్కలు, సిస్టరమ్మ పక్కనుండి చూసుంటే టోపీ తియ్యకముందే, బతికిందండీ, అనేసేది. అంతా కళ్ళ ముందే ఉంది. శబ్దం తీసేస్తే ఆవిడకి చేతులు కనిపిస్తాయి. నాకు నా లోపలున్నది కనిపించింది, ఈ తలుపు వెనక ఏం జరుగుతుందని నేను రెండు గంటలుగా అనుకుంటూ అనుకోకుండా ఉన్నానో అది. ప్రాణానికి ఢోకా లేదన్నారు, సరేనని తలూపాను, ఒక్క అక్షరం నమ్మలేదు. గొంతు గురించే దిగులు పడుతున్నానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను, ఎందుకంటే గొంతు గురించైతే దిగులు పడొచ్చు, దానికి ఒక హద్దుంది.

“సార్, వింటున్నారా? మీరు బాగానే ఉన్నారా?”

అప్పుడు చెప్పాను. ఎక్కడున్నానో, ఎవరు లోపలున్నారో.  ఈ వారం సమీక్ష లేకపోతే మానె, నేనేదో సర్దుకుంటాను, మీరు ఫోను పక్కన పెట్టేయండి సార్, అంది. వద్దన్నాను, పన్నెండుకి ఇంకా పదిహేను నిమిషాలుంది, పంపుతాను అన్నాను. ఆ పదిహేను నిమిషాలూ చేతిలో ఏమీ లేకుండా గడపడం నావల్ల కాదు. మళ్ళీ కొట్టాను. ‘ఈ వారం ఎపిసోడు నేను ఒక ఆస్పత్రి బెంచీ మీద, శబ్దం లేకుండా, ఒక్కణ్ణే చూశాను. బతికిన మనిషి పోయిందనుకున్నాను. తప్పు తీసినవాళ్ళది కాదు, నాది. పదకొండేళ్ళుగా ఈ శీర్షికలో మీరు మెచ్చుకున్న చూపు నా భార్యది. ఆవిడ ముప్పై మూడేళ్ళు నర్సు. ఆవిడ చెబితే నేను రాశాను. వరండాలో ఏడ్చేవాళ్ళని పోయిన ఏడాది వెక్కిరించింది మాత్రం నేనే, ఆవిడ వద్దంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మార్కులు వేసే మనిషి పక్కన లేదు కనక ఈ వారం మార్కులు లేవు.’ చదువుకోకుండానే పంపేశాను. ప్రూఫు చూడకుండా ఒక కాగితం నా చెయ్యి దాటడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

బల్బు ఎప్పుడారిందో చూడలేదు. తలుపు తెరుచుకున్న గాలి తగిలి లేచాను. సర్జన్, టోపీ చేతిలో, జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయి, ఒకవైపు లేచి ఒకవైపు అణిగి, మొహం మీద మాస్కు గీత. నా దగ్గరికొచ్చాడు. రండి, కూర్చుందాం, అన్నాడు. కూర్చుందాం.  కూర్చోను అనబోయాను, కూర్చోకుండా ఉంటే ఆ కబురు రాదన్నట్టు, నిలబడే చెప్పండి బాబూ, నిలబడే చెప్పండి అని గొంతు దాకా వచ్చింది. ఆయన అప్పటికే బెంచీ మీద చతికిలబడి రెండు కాళ్ళూ చాపి మోకాళ్ళు నిమురుకుంటున్నాడు. “రెండున్నర గంటలు నిలబడే ఉన్నానండీ, నడుం పట్టేసింది,” అన్నాడు. ఎవరో నన్ను కిందకి దించినట్టు ఆయన పక్కన కూలబడ్డాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు, గడ్డ మొత్తం వచ్చేసింది, రక్తం పెద్దగా పోలేదు, మనిషి బాగుంది. నరం తెగలేదు, నా కళ్ళతో చూశాను. కానీ గడ్డకి బాగా అతుక్కుని ఉంది, విడదీయడంలో సాగింది. పని చేస్తుందా లేదా అన్నది ఆవిడ మాట్లాడితేగాని తెలియదు. మెలకువ వచ్చింది, కళ్ళు తెరిచింది, మాట మాత్రం ఇంకా రాలేదు. వస్తే ఇవాళే బొంగురుగానైనా వస్తుంది, రాకపోతే కొన్ని నెలలు ఆగి చూడాలి. వెళ్ళి చూడండి, అన్నాడు, కళ్ళు మూసుకుని తల గోడకి ఆనించి.

లోపల చల్లగా ఉంది. నాలుగు మంచాలు, మూడు ఖాళీ. మెడ చుట్టూ తెల్ల కట్టు, కట్టు పక్కనించి సన్నటి గొట్టం, ఆవిడ ఇంకా చిన్నదైపోయినట్టుంది, జుట్టు ఆకుపచ్చ టోపీలో దోపి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూసి వాటిలో ఏదో సర్దుకుంది. మంచం దగ్గరున్న నర్సు చిన్నపిల్ల, ఇరవై రెండు ఇరవై మూడుంటాయేమో. “మూడుసార్లు పేరడిగానండీ, చెప్పట్లేదు. తల అడ్డంగా ఊపుతోంది. మీరైనా అడగండి,” అంది. నేను అడగలేదు. ఆ పిల్లకి తెలియదు, ఈవిడ ఇలాంటి మంచాల పక్కన నిలబడి ఎన్ని వందలమందిని మీ పేరు చెప్పండి, గట్టిగా చెప్పండి అని అడిగిందో. ఎందుకు అడుగుతారో ఈవిడకి తెలుసు, జవాబు రాకపోతే అడిగినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు ఎలా చూసుకుంటారో తెలుసు. నోరు తెరవనంతసేపూ మాట పోయినట్టు కాదు. అందుకే పెదాలు బిగించి పట్టుకుంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెయ్యి తీసుకున్నాను, సూది గుచ్చని చెయ్యి. ఏం మాట్లాడాలి, మా ఇంట్లో మాట్లాడేది ఆవిడ, నేను రాసుకునేవాణ్ణి. “నువ్వేం చెప్పక్కర్లేదు,” అన్నాను. “ఇవాళ నేను చెప్తాను, నువ్వు విను.” చెప్పాను. ఎపిసోడంతా, స్ట్రెచరు దగ్గర్నించీ, తొనల వరసా, పెద్ద డాక్టరు ప్రేమ వ్యవహారమూ, నేను కనిపెట్టిన ఒకే ఒక్క తప్పు, ఆపరేషన్‌కి ముసలావిణ్ణి గాజులతోనే తీసుకుపోయారని, ఆవిడ కనురెప్ప ఒకసారి ఒప్పుకున్నట్టు వాలింది. ముసలావిణ్ణి నేను చంపేసిన సంగతి చెప్పాను. తొమ్మిది మార్కులు కూడా వేసి పంపానని చెప్పాను. దుప్పటి కింద పొట్ట కదిలింది, నవ్వు, శబ్దం లేని నవ్వు, నొప్పికి కళ్ళ చివర నీళ్ళొచ్చాయి. నిలబడే చెప్పాడే, నాకు ఎందుకు తట్టలేదో, పోయిందనే అనుకున్నాను, అన్నాను. తల వంచుకుని ఆవిడ చేతి గోళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఆపరేషన్‌కి ముందు కత్తిరించుకుంది, అన్నీ సమానంగా.

నా వేళ్ళ చుట్టూ ఆవిడ వేళ్ళు బిగిశాయి. తలెత్తితే ఆవిడ గాలి పీల్చుకుంటోంది, బరువైనదేదో ఎత్తబోయే ముందు పీల్చుకున్నట్టు. పెదాలు విడివడ్డాయి. మొదట గాలే వచ్చింది. తర్వాత ఒక చప్పుడు, గచ్చు మీద ఎండు చీపురు లాగినట్టు, నాకు తెలిసిన గొంతు కాదు, తెర వెనకనించి విన్నది కాదు, వార్డు ఆ చివరిదాకా పోయేది కాదు, మంచం దాటి పోదు.

“భయమేసింది,” అంది.

నర్సు పిల్ల చటుక్కున తిరిగి చూసింది, మాట వచ్చినందుకు మొహమంతా విప్పారి, డాక్టరుగారికి చెప్పొస్తానని పరుగెత్తింది. నేను కదలలేదు. ముప్పై ఆరేళ్ళలో ఈ మాట ఆవిడ నోట విని ఎరగను. మా అమ్మాయి పుట్టినప్పుడు లేదు, వార్డులో అంటురోగాలు వచ్చిన ఏడాది లేదు, సర్జన్ ఎదుట కూర్చుని నరం సంగతి అడిగిన రోజున లేదు. ఎన్నాళ్ళనించి దాచుకుందో, ఎవరెవరి మంచాల పక్కన నిలబడి మింగేసిందో. ఏం కాదులే అని నోటిదాకా వచ్చింది, అనలేదు.

“నాకూ,” అన్నాను. “చాలా భయమేసింది.”

ఆవిడ నా వైపే చూస్తూ ఇంకోసారి అంది, అదే మాట, ఈసారి కాస్త గట్టిగా. నేను విన్నాను.